కార్బొరేటర్ జోలికి ఆఖర్న

విజయవాడలో 90ల మొదట్లో కార్లున్నవాళ్ళు రెండు రకాలు. మారుతి 800 కొనుక్కుని హాయిగా తిరిగేవాళ్ళు ఒక రకం. చేతిలో డబ్బులున్నా మనసొప్పక పాత ఫియట్నో అంబాసిడర్నో పట్టుకుని వేలాడేవాళ్ళు ఇంకో రకం. మా బాబాయ్ ఆ రెండో రకంలో కూడా బాగా ముదురు. ఉన్న అంబాసిడర్ చాలదన్నట్టు దానికి ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బొరేటర్లు ఒకటి బదులు రెండు బిగించాలని పట్టుబట్టాడు.

బండి మార్క్-2. గవర్నర్‌పేటలో ఒక డాక్టరు గారు చాలా ఏళ్ళు వాడి, ఆయన కొడుకు కొత్త కారు కొన్నాక షెడ్డులో పడేశారు. బాబాయ్ దాన్ని దాదాపు ఇనుము ధరకే తెచ్చాడు. సీట్లలో కొబ్బరి పీచు బయటికొచ్చి, అడుగున రేకు తుప్పుపట్టి, పైన దుమ్ము వేలి మందాన ఉండేది. పిన్ని గుమ్మంలో నిలబడి చూసి "హారతి పళ్ళెం తేనా, పారా తేనా?" అని అడిగింది. బాబాయ్‌కి అదేమీ చెవికెక్కలేదు.

రెండు కార్బొరేటర్ల పురుగు ఆయన బుర్రలో దూరింది మాత్రం లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్ల దగ్గర. అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు వర్క్‌షాపు మాన్యువల్ దొరికింది. అది ఎం.జి. మ్యాగ్నెట్ అనే కారుది. ఇంటికొచ్చి రాత్రంతా తిరగేసి, పొద్దున్నే నన్ను లేపాడు. "ఒరేయ్, ఇది మన ఇంజనేరా!" అన్నాడు. నిజమే. ఇంగ్లండులో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు 1952లో కలిసిపోయాక వచ్చిన బి-సిరీస్ ఇంజను అది, 1489 సీసీ. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి అదే, దాని ఒంటి మీదే పుట్టిన మన అంబాసిడర్‌కీ అదే. మ్యాగ్నెట్‌లో మాత్రం ఒకటి బదులు ఎస్.యు. అనే రకం కార్బొరేటర్లు రెండు పెట్టి 60 హార్స్‌పవర్ లాగారు. అంటే కార్బొరేటర్లని ఇంజనుకి కలిపే గొట్టం, ఆ మేనిఫోల్డు, ఆ కార్బొరేటర్ల జత దొరికితే మన బండి మీద కూర్చోవాలి. బాబాయ్ లెక్క అది.

దొరికాయి. మద్రాసు పుదుప్పేటలో పాత కార్ల సామాన్ల కొట్లు ఉంటాయి కదా, అక్కడ దొరకని నట్టు లేదంటారు. బాబాయ్ రాత్రి మెయిల్లో వెళ్ళి, గోనెసంచిలో చుట్టిన ఒక జతని ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చాడు. అవి తుక్కుకి పోయిన మ్యాగ్నెట్‌వే అని కొట్టువాడు ప్రమాణం చేశాడట. పుదుప్పేట ప్రమాణాల సంగతి తర్వాత చెప్తాను.

ఇక మెకానిక్ సాయిబు గారు. ఆటోనగర్‌లో ఆయన షెడ్డు లోపలి రోడ్డులో ఉండేది. ఆటోనగర్ తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. అది ఊరు పక్కన ఇంకో ఊరు. లారీల బాడీలు కట్టేవాళ్ళు, కమాను కట్టలు వేసేవాళ్ళు, లేత్‌లు, రేడియేటర్లు, బ్యాటరీలు, సీటు కవర్లు, టైర్ల రీట్రెడింగు, అన్నీ అక్కడే. ఆసియాలోని పెద్ద ఆటోనగర్లలో ఇదొకటని మావాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. పది దాటిందంటే సుత్తి దెబ్బలకి పక్కవాడి మాట వినపడదు. లారీల మధ్య ఆ సందులో ఒక రేకుల షెడ్డు, దాని ముందు వేపచెట్టు, చెట్టు కింద ఎప్పుడూ రెండు మూడు ఫియట్లు. బోర్డు లేదు. "కార్బొరేటర్ సాయిబు గారి షెడ్డు ఎక్కడ?" అంటే టీ కొట్టు పిల్లాడు కూడా చూపించేవాడు.

తమాషా ఏమిటంటే, ఊరంతా కార్బొరేటర్ సాయిబు అని పిలిచే ఆ మనిషి కార్బొరేటర్ మీద చెయ్యి వేయడానికి బొత్తిగా ఇష్టపడేవాడు కాదు. బండి ఏ జబ్బుతో వచ్చినా ఆయన వరస ఒకటే. ముందు టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర సందులు. తర్వాత ప్లగ్గులు విప్పి రంగు చూసి, తుడిచి, గ్యాపు 25 థౌకి సరిచేయడం (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). తర్వాత ప్లగ్గులకి కరెంటు సమయానికి అందించే పాయింట్లు, అవి 15 థౌ. తర్వాత టైమింగు. తర్వాత మేనిఫోల్డు దగ్గర ఎక్కడైనా గాలి లాగుతోందేమో చూడటం. ఇవన్నీ అయ్యాక కూడా బండి మొండికేస్తే అప్పుడు కార్బొరేటర్. "కార్బొరేటర్ జోలికి ఆఖర్న పోవాల బాబూ. మొదట పోతే ఇంక బయటికి రాం" అనేవారు.

ఒకసారి నా కళ్ళముందే ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. బండి మిస్ కొడుతోంది, కార్బొరేటర్ సర్వీసింగ్ చేయమన్నాడు. సాయిబు గారు డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లకి ఎమరీ కాగితం రెండుసార్లు లాగి, గ్యాపు పెట్టి మూత వేశారు. బండి శుభ్రంగా నడిచింది. డ్రైవరు మాత్రం కదలడు. "కార్బొరేటర్ ముట్టుకోలేదుగా?" అని ఒకటే గోల. సాయిబు గారు కిరసనాయిలు గుడ్డ తీసుకుని కార్బొరేటర్‌ని పైపైన తళతళలాడేలా తుడిచి "అయింది" అన్నారు. వాడు సంతోషంగా డబ్బులిచ్చి వెళ్ళాడు. తుడిచినందుకు పైసా తీసుకోలేదు ఆయన, పాయింట్లకే తీసుకున్నారు.

అలాంటి మనిషి ముందు మా బాబాయ్ గోనెసంచి విప్పి ఒకటి కాదు, రెండు కార్బొరేటర్లు పెట్టాడు. సాయిబు గారు చాలాసేపు వాటిని చూశారు. తర్వాత బాబాయ్‌ని చూశారు. "ఒక పెళ్ళాంతో సుఖంగానే ఉన్నావు కద బాబూ" అన్నారు. అయినా పని ఒప్పుకున్నారు. ఇలాంటి జతని తన కుర్రతనంలో మద్రాసులో ఒక దొర కారు మీద చూశారట, మళ్ళీ చెయ్యి పెట్టే అవకాశం రాలేదట.

నాకు అప్పుడు కాలేజీ సెలవులు. పొద్దున్నే సైకిలు మీద పటమట నుంచి ఆటోనగర్ గేటు దాకా వెళ్ళి షెడ్డులో కూర్చునేవాణ్ణి. ఎస్.యు. కార్బొరేటర్ విప్పితే ఇంత సులువైన వస్తువా అనిపిస్తుంది. పైన గంట ఆకారంలో ఒక మూత. లోపల ఒక పిస్టన్. దాని అడుగున వేలాడే సూది. కింద సూది దిగే జెట్టు, అంటే పెట్రోలు వచ్చే సన్నటి కంత. అంతే. ఇంజను ఎంత గాలి అడిగితే పిస్టన్ అంత పైకి లేస్తుంది. సూది కొస సన్నం, పైకి పోయేకొద్దీ లావు. కాబట్టి పిస్టన్ లేచినకొద్దీ జెట్టు కంతలో ఖాళీ పెరిగి పెట్రోలు ఎక్కువొస్తుంది. సోలెక్స్ అనే ఇంకో రకం కార్బొరేటర్‌లో లాగా స్లోకి (బండి కదలకుండా ఇంజను నడిచేటప్పటికి) ఒక జెట్టు, స్పీడుకి ఒక జెట్టు అని ఉండవు. అన్నిటికీ ఆ ఒక్క సూదే. పిస్టన్ పై గొట్టంలో కాస్త పల్చటి నూనె పోస్తారు. యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టన్ ఎగిరిపోకుండా ఆ నూనె పట్టి ఉంచుతుంది. నూనె అయిపోతే తొక్కిన ప్రతిసారీ బండి ఒక్క క్షణం తడబడుతుంది. చాలామంది అదేదో పెద్ద రోగమనుకుని బండి మొత్తం విప్పించుకుంటారు.

దీన్ని కనిపెట్టింది స్కిన్నర్ అనే కుటుంబం అని తర్వాతెప్పుడో చదివాను. ఎస్.యు. అంటే స్కిన్నర్స్ యూనియన్. వాళ్ళది అసలు చెప్పుల వ్యాపారం. 1905 ప్రాంతంలో చేసిన మొదటి కార్బొరేటర్లలో పిస్టన్ బదులు తోలు తిత్తి ఉండేదట, ఇంట్లో ఉన్న సరుకు కదా. సాయిబు గారికి చెప్పి ఉంటే ఎగిరి గంతేసేవారు. ఆయన తమ్ముడికి వన్‌టౌన్‌లో చెప్పుల కొట్టు.

పాత కార్బొరేటర్లకి మొదటి జబ్బు స్పిండిల్ అరగడం. గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ రేకుని తిప్పే ఆ సన్నటి కడ్డీ ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి కంతని వెడల్పు చేస్తుంది. ఆ సందులోంచి దొంగగాలి వస్తుంది. దొంగగాలి ఉన్నంతకాలం ఎన్ని స్క్రూలు తిప్పినా స్లో నిలవదు. సాయిబు గారు ఇంజను నడుస్తుండగా స్పిండిల్ మొదట్లో నూనె చుక్క వదిలేవారు. శబ్దం మారితే అక్కడ లీకున్నట్టే. మా జతలో వెనకదానికి రెండు పక్కలా మారింది. పక్క సందులో లేత్ వాడు గన్‌మెటల్ బుష్‌లు తిరగబట్టి ఎక్కించాడు. జెట్టు చుట్టూ వేసే కార్కు వాషర్లని రాత్రంతా నూనెలో నానబెట్టారు, ఎండుగా బిగిస్తే అవి చిట్లి పెట్రోలు కారుతుందని. జెట్టు సరిగ్గా నడిమధ్యకి వచ్చిందో లేదో తెలియడానికి పిస్టన్‌ని వేలితో పైకెత్తి వదిలేవారు. అది అడుగున తగిలి "టక్"మని చిన్న ఇనుప చప్పుడు రావాలి. రాకపోతే సూది జెట్టుకి ఎక్కడో రాసుకుంటున్నట్టు. ఆ టక్ కోసం ఆయన జెట్టు నట్టు ఎన్నిసార్లు వదులు చేసి, ఎన్నిసార్లు బిగించారో!

అసలు ట్యూనింగ్ మాత్రం తెల్లవారుజామునే. ఇంకోవేళ పెట్టుకునేవారు కాదు. ఒకటి, ఎండెక్కితే విజయవాడలో ఇంజనుకి వేడెక్కడానికి ఇంజనే అక్కర్లేదు. రెండు, లారీ బాడీల వాళ్ళు సుత్తులు ఎత్తకముందే చెవి పని అయిపోవాలి.

బండి స్టార్టు చేసి, వేడెక్కనిచ్చి, రెండు కార్బొరేటర్లని కలిపే కడ్డీ క్లిప్పులు వదులు చేసేవారు. అప్పుడు దేని థ్రాటిల్ దానిది. మూరెడు రబ్బరు గొట్టం ఒకటి తీసుకుని ఒక కొస చెవిలో, ఇంకో కొస ముందు కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టి కళ్ళు మూసుకునేవారు. తర్వాత వెనకదాని దగ్గర. మళ్ళీ ముందుదాని దగ్గర. రెండింటి బుసా ఒకటయ్యేదాకా చిటికెన వేలి గోరంత, అందులో సగమంత స్క్రూ తిప్పడం. ఒకరోజు గొట్టం నా చెవికిచ్చారు. మొదట ఏమీ తేడా తెలియలేదు. తర్వాత తెలిసింది. కుక్కర్ విజిల్ వేసే ముందు సన్నగా బుసకొడుతుందే, అలాంటిదే, వెనకది ఒక పిసరు గట్టిగా ఉంది. "వెనకది ఎక్కువ లాగుతోందండీ" అన్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే స్క్రూ తిప్పారు.

గాలి సమానమయ్యాక పెట్రోలు. జెట్టు కింద ఆరు పలకల నట్టు ఉంటుంది. కిందకి తిప్పితే జెట్టు దిగి మిశ్రమం చిక్కబడుతుంది, పైకి తిప్పితే పల్చబడుతుంది. నట్టు తిప్పి జెట్టుని పూర్తిగా పైకి ఎక్కించి, అక్కణ్ణుంచి రెండు చుట్లు దింపి మొదలుపెట్టేవారు. ఆ పైన ఒక్కో పలక చొప్పునే. సరిపోయిందో లేదో చూడటానికి పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు కూడా కాకుండా పైకెత్తాలి. ఇంజను స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే చిక్కగా ఉన్నట్టు. ఆగిపోబోతే పల్చన. కొంచెం లేచి మళ్ళీ దారిలోకి వస్తే సరిగ్గా ఉన్నట్టు. ఒకదాన్ని సరిచేస్తే రెండోదాని లెక్క మారిపోతుంది, ఎందుకంటే రెండింటి మధ్యా మేనిఫోల్డులో ఒక గొట్టం కలుస్తుంది. దాంతో మళ్ళీ మొదటికి. టీ, మళ్ళీ ముందుది. టీ, మళ్ళీ వెనకది. ఈ విసుగు పడలేకే చాలామంది రెండు కార్బొరేటర్ల బండ్లని తిట్టుకుంటారని నా నమ్మకం. వాటి తప్పేమీ లేదు, ఓపిక అడుగుతాయి అంతే.

చివరికి స్లో కుదిరింది. బానెట్ మీద బాబాయ్ గ్లాసుతో నీళ్ళు పెట్టాడు. నీళ్ళు వణికాయి గానీ తొణకలేదు. ఆ రోజు ఆయన ముఖం చూడాలి.

బండి తీసుకుని మంగళగిరి బయల్దేరాం. అప్పట్లో గుంటూరు వైపు పోవాలంటే ప్రకాశం బ్యారేజీ మీదుగానే. బ్యారేజీ మీద లారీల వెనకాల పాక్కుంటూ పోవాల్సిందే, దాటాకే బండి సంగతి తెలిసేది. తాడేపల్లి దాటి రోడ్డు ఖాళీ అవగానే బాబాయ్ తొక్కాడు. పికప్ వచ్చింది, కాదనను. కానీ మధ్య స్పీడులో ఏదో బరువుగా, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టు. సాయిబు గారు ముందు సీట్లోంచి "ఆపు బాబూ, ఇంజను ఆపేసి న్యూట్రల్ చెయ్" అన్నారు. రోడ్డు పక్కన ఆపి అక్కడికక్కడే ప్లగ్గులు విప్పారు. బండి ఏ స్పీడులో ఉండగా ఇంజను ఆగిందో ప్లగ్గులు ఆ కథే చెప్తాయి. కాస్త స్లోలో నడిపి ఆపితే ఆ రంగు పోతుంది.

మొదటి రెండు ప్లగ్గులు బిస్కెట్ రంగు. మూడు, నాలుగు నల్లటి మసి. ఈ ఇంజనులో ముందు కార్బొరేటర్ ఒకటీ రెండూ సిలిండర్లకి, వెనకది మూడూ నాలుగూ సిలిండర్లకి. అంటే వెనకది పెట్రోలు ఎక్కువ పోస్తోంది. స్లోలో మాత్రం రెండూ సమానం. సాయిబు గారు ప్లగ్గులు అరచేతిలో పెట్టుకుని ఆ ఎండలో అలాగే నిలబడిపోయారు. ఇంత దూరం వచ్చాం కదా అని కొండ కింద పానకం తాగి వెనక్కొచ్చాం.

తర్వాతి పొద్దున మళ్ళీ మొదటి నుంచి. టాపెట్లు, పాయింట్లు, టైమింగు. బాబాయ్ మొత్తుకున్నాడు. "కార్బొరేటర్ అని తెలిసిపోయిందిగా సాయిబు గారూ!" ఆయన వినలేదు. అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. తర్వాత ఫ్లోట్ లెవెల్, అంటే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఎంత ఎత్తు నిలుస్తోందో. ఫ్లోట్ మూత తిరగేసి, తీగ కింద 7/16 అంగుళాల డ్రిల్ బిట్టు దూర్చి చూశారు, రెండూ సమానం. చోక్ వదిలాక వెనక జెట్టు పూర్తిగా పైకి వస్తోందా అని చూశారు, వస్తోంది. ఫ్లోట్లు ముందుది వెనక్కి, వెనకది ముందుకి మార్చి చూశారు. మసి కదల్లేదు, వెనకే ఉంది.

అప్పుడు సూదులు తీశారు. పిస్టన్ పక్కన చిన్న స్క్రూ వదులు చేస్తే సూది బయటికొస్తుంది. రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని తిప్పి చూశారు. కంటికి ఒకేలా ఉన్నాయి. సూది మొదట్లో, పిస్టన్ లోపల దాక్కునే చోట, చీమ తలకాయంత అక్షరాలు చెక్కి ఉంటాయి. అవి దాని జాతి. ఆయనకి ఇంగ్లీషు రాదు. గడియారాల వాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం నా చేతికిచ్చి "ఏం రాసుందో చదువు బాబూ" అన్నారు. చదివాను. రెండింటి మీదా ఒకే అక్షరాలు లేవు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పుదుప్పేటలో ఎవడో ఏ కార్బొరేటర్లోంచో సూది పీకి ఇందులో పెట్టాడు. స్లోలో ఏ సూదికైనా పై భాగమే పనిచేస్తుంది, అక్కడి తేడాని జెట్టు నట్టు కప్పేసింది. పిస్టన్ సగం లేచినప్పుడు సూది నడుము జెట్టులోకి వస్తుంది. ఆ నడుము దగ్గర ఒకటి సన్నం, ఒకటి లావు. అదీ సంగతి.

"చూశారా, చివరికి కార్బొరేటరే కదా!" అన్నాడు బాబాయ్, గెలిచినట్టు.

"ఔను బాబూ, చివర్న" అన్నారు సాయిబు గారు, చేతులు తుడుచుకుంటూ.

సరైన సూదుల జత మళ్ళీ మద్రాసు నుంచే రావాల్సి వచ్చింది. ఈసారి బాబాయ్ భూతద్దం జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఇప్పుడైతే ఇంగ్లండులో బర్లెన్ అనే కంపెనీ ఎస్.యు. సామాన్లన్నీ కొత్తవి చేస్తోంది, నెట్‌లో అక్షరం కొడితే సూది ఇంటికొస్తుంది. అప్పుడు కొట్టు కొట్టుకీ తిరిగి అద్దంలో చదువుకోవడమే.

ఆ సూదులు పడ్డాక బండి ఎలా నడిచిందంటే, ఎక్కువ చెప్పను. మంగళగిరి రోడ్డు మీద నాలుగు ప్లగ్గులూ ఒకే రంగు. ఫియట్లని దాటేది, మారుతీలని దాటబోయేది. వేసవిలో మాత్రం బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే పెట్రోలు ఇంజను పక్కనుండే పంపులోనే మరిగిపోయి బండి చచ్చేది. పంపు మీద తడిగుడ్డ వేసి, సోడా తాగి, మళ్ళీ స్టార్టు చేయడం. ఆ కాలంలో తడిగుడ్డ లేని అంబాసిడర్ డిక్కీ నేను చూడలేదు. కార్బొరేటర్లకీ సైలెన్సర్ మేనిఫోల్డుకీ మధ్య అల్యూమినియం రేకు అడ్డం పెట్టాక కొంత నయమైంది.

డబ్బు లెక్క చూస్తే అదంతా దండగే. ఒక సోలెక్స్ చేసే పనికి రెండు ఎస్.యు.లు. బాబాయ్ పదేళ్ళ దాకా దాన్ని వాడాడు. ఏటా ఎండలు ముదరకముందు ఒకసారి, దసరా ముందు ఒకసారి తెల్లవారుజామున సాయిబు గారి దగ్గరికి తీసుకెళ్ళేవాడు. బండి బాగానే ఉన్నా తీసుకెళ్ళేవాడు. ఆయన కాలం చేశాక ఆ షెడ్డులో సీటు కవర్ల కొట్టు వచ్చింది. ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్తే, అతను నేరుగా కార్బొరేటర్ స్క్రూ మీద స్క్రూడ్రైవర్ పెట్టాడట. బాబాయ్ బానెట్ మూసేసి వచ్చేశాడు.

తర్వాత అమ్మకానికి పెట్టాడు. తెనాలి నుంచి ఒకాయన వచ్చాడు, పెళ్ళిళ్ళకి అద్దెకు తిప్పడానికట. బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని, బానెట్ ఎత్తి ఉలిక్కిపడ్డాడు. "రెండు కార్బొరేటర్లేంటండీ? పెట్రోలు డబుల్ తాగుద్దిగా?" అన్నాడు. నిజానికి సరిగ్గా సెట్ చేస్తే పెద్ద తేడా ఉండదు. బాబాయ్ సూదుల దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఆయన మర్యాదగానే విన్నాడు. విని, అవి ఉన్నందుకు వెయ్యి తగ్గించమన్నాడు.

బాబాయ్ మారు మాట్లాడలేదు. "రేపు రండి" అని పంపించి, అటక మీద నుంచి పాత సోలెక్స్ దింపించి, పానాలు తీసుకుని సాయంత్రానికల్లా మార్చేశాడు. వెయ్యి తగ్గకుండానే బండి అమ్ముడైంది. పిన్ని అడిగింది, మరి ఉంటే వెయ్యి తగ్గించే ఆ రెండిటినీ అటక ఎక్కించడం ఎందుకూ, తుక్కువాడికి వేసేయొచ్చుగా అని. "తుక్కువాడికి వేస్తే మళ్ళీ పుదుప్పేట చేరి సూదులు మారిపోతాయే" అన్నాడాయన.